విద్వేష ప్రసంగానికి కొలబద్ద ఒకటేనా, పార్టీకొకటా?

ప్రశ్న: కావలి మాస్టారు

కావలిలో చాలాకాలం రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. సాయంత్రం పూట మేము చేరే చోట అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. ఈమధ్య ఇద్దరు నాయకుల ప్రసంగాల్లోని కొన్ని వాక్యాలను కాగితం మీద రాశాను. మాట్లాడినవారి పేర్లు తీసివేసి, వారు ఏ వర్గాన్ని తిట్టారో అక్కడ "ఫలానా వర్గం" అని మాత్రం పెట్టి అందరి చేతా చదివించాను. ఇందులో ఏది విద్వేష ప్రసంగం, ఏది ఘాటైన విమర్శ అన్నది చెప్పమన్నాను. ఒక్కరూ చెప్పలేదు. "ముందు ఎవరన్నారో చెప్పండి మాస్టారూ" అన్నారు. ఒకాయన అయితే పేరు వెనుక రాశానేమోనని కాగితం తిప్పి కూడా చూశారు.

పేర్లు చెప్పగానే తీర్పులు వచ్చేశాయి. తమ నాయకుడిది ఆవేశంలో దొర్లిన మాట, ఎదుటి పార్టీ నాయకుడిది పథకం ప్రకారం రగిలించిన ద్వేషం. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టుగా సాగింది వ్యవహారం.

వారిని తప్పుపట్టడం తేలికే గానీ, నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. మాటను తూచేటప్పుడు మాట్లాడినవారెవరు, ఎక్కడ మాట్లాడారు, ఏ సందర్భంలో మాట్లాడారు అన్నవి చూడాలని సుప్రీంకోర్టే చెప్పింది కదా. అలాంటప్పుడు "ఎవరన్నారు" అని అడిగిన మా మిత్రులకూ, అదే ప్రశ్న అడిగే న్యాయస్థానానికీ తేడా ఏమిటి? ఇక రెండోది, ఈ ద్వంద్వ ప్రమాణం మన చట్టంలోనే ఉందా, లేక అమలు చేసేవారి చేతుల్లో పుడుతోందా? ఏ పార్టీనీ వెనకేసుకురాకుండా జవాబివ్వగలవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: ఒంగోలు న్యాయవాది

మాస్టారూ, నమస్కారం. న్యాయస్థానం "ఎవరన్నారు" అని అడిగేది ఆ మనిషి ఏ పార్టీవాడో తెలుసుకోవడానికి కాదు, అతడి మాటకు జనంలో ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి. ఒక మంత్రి వేదిక మీద అన్న మాటా, టీ అంగడి దగ్గర ఎవరో అన్న మాటా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా, వాటివల్ల జరిగే హాని ఒకటి కాదు. 2020 డిసెంబరు 7న టీవీ యాంకర్ అమీష్ దేవగన్ కేసులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, పలుకుబడి ఉన్నవారి మీద బాధ్యత మరింత ఎక్కువగా ఉంటుందని చెప్పింది. దీని ప్రకారం పదవి పెరిగినకొద్దీ కొలత కఠినం కావాలి. మన దగ్గర దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. చిన్నవాడిని రాత్రికి రాత్రి స్టేషన్‌కు తీసుకువెళతారు, పెద్దవాడికి నోటీసు పంపాలా వద్దా అన్నదాని మీదే వారాలు గడుస్తాయి.

మీ రెండో ప్రశ్న విషయానికి వస్తే, సెక్షన్ల పదాల్లో పక్షపాతం నాకు కనిపించలేదు. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, మతభావాలను అవమానించడం, అల్లర్లు రేపే మాటలు ప్రచారం చేయడం గురించిన పాత ఐపీసీలోని 153ఎ, 295ఎ, 505 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196, 299, 353 సెక్షన్లుగా మారాయి. ఎవరు మాట్లాడినా, ఎవరిని గురించి మాట్లాడినా అవే వర్తిస్తాయి. అసలు సంగతి కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 217వ సెక్షన్‌లో ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇది 196వ సెక్షన్. ఈ నేరాల్లో కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో ముందుగా అనుమతి ఇస్తే తప్ప న్యాయస్థానం కేసును విచారణకు స్వీకరించడానికి వీల్లేదు. 353(2) వంటి కొన్నింటికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి చాలు గానీ, ఆ కలెక్టరూ ప్రభుత్వ అధికారే. గిట్టనివాళ్లు ప్రతి మాటకూ ఒకరినొకరు కోర్టుకు లాగకుండా ఉండేందుకు పెట్టిన నిబంధన ఇది, ఉద్దేశంలో తప్పేమీ లేదు. అయితే ఎన్నికల్లో నిలబడి గెలిచిన పార్టీయే ప్రభుత్వాన్ని నడుపుతుంది కాబట్టి, తన నాయకుడి మీద విచారణ జరగాలో వద్దో ఆ పార్టీయే తేల్చుకునే పరిస్థితి దానివల్ల ఏర్పడింది.

ఢిల్లీలో జరిగింది చూడండి. 2020 జనవరిలో ఎన్నికల ప్రచారంలో చేసిన వ్యాఖ్యలకు గాను ఎన్నికల సంఘం కేంద్ర మంత్రి అనురాగ్ ఠాకూర్‌ను 72 గంటలు, ఎంపీ పర్వేశ్ వర్మను 96 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. అంటే ఒక రాజ్యాంగ సంస్థకు ఆ మాటల్లో తప్పు కనిపించింది. వారిపై ఎఫ్‌ఐఆర్ నమోదుకు మేజిస్ట్రేటు ఆదేశించాలని కోరుతూ సీపీఎం నాయకురాలు బృందా కారత్ వేసిన పిటిషన్‌ను మాత్రం 2022 జూన్ 13న ఢిల్లీ హైకోర్టు ముందస్తు అనుమతి లేదన్న కారణంతో తోసిపుచ్చింది. ఆ మాటలు నేరమా కాదా అన్న ప్రశ్న పక్కన ఉండిపోయింది.

ఇది ఒక్క పార్టీ కథ కాదు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2012 డిసెంబరులో నిర్మల్, నిజామాబాద్‌లలో చేసిన ప్రసంగాలపై అక్బరుద్దీన్ ఒవైసీని 2013 జనవరిలో అరెస్టు చేశారు. ఆ ప్రసంగాలను సమర్థించే పనిలో నేను లేను. కానీ మజ్లిస్ పార్టీ కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నది 2012 నవంబరులోనని గుర్తు చేసుకుంటే, మద్దతు కొనసాగి ఉన్నట్లయితే పోలీసులు అంత చురుకుగా కదిలేవారా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. చివరికి 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రజాప్రతినిధుల ప్రత్యేక కోర్టు ఆ కేసులను కొట్టివేసింది. ఆ మాటల్లో నిజంగా నేరముంటే తొమ్మిదేళ్లు నడిచిన కేసు నిలవలేదు, లేకుంటే ఒక మనిషి తొమ్మిదేళ్లు నిందితుడిగా తిరిగాడు. ఏ విధంగా చూసినా వ్యవస్థకు గొప్ప కాదు.

మన రాష్ట్రం సంగతి ఇంకా చిత్రం. 2021 మే నెలలో అప్పటి అధికార పార్టీ వైసీపీ తిరుగుబాటు ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ అరెస్టు చేసినప్పుడు రాజద్రోహంతో పాటు 153ఎ, 505 కూడా పెట్టారు. వారం రోజులకే సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. అదే సంవత్సరం నవంబరులో ఆయన శాసనసభ ఉపసభాపతి అయ్యారు. అదే నవంబరులో మన మద్దిపాడు పోలీసు స్టేషన్‌లో, పాత సోషల్ మీడియా పోస్టుల మీద సినీ దర్శకుడు రామ్‌గోపాల్ వర్మపై కేసు నమోదైంది. మరుసటి ఫిబ్రవరిలో ఆయన ఒంగోలు రూరల్ స్టేషన్‌కు విచారణకు వచ్చిన రోజున ఊరంతా కెమెరాలే. నాయకుడిని వెక్కిరించడం వేరు, ఒక వర్గం మీదికి మరో వర్గాన్ని ఉసిగొల్పడం వేరు. 153ఎ నిలబడాలంటే కనీసం రెండు వర్గాల ప్రస్తావన ఉండాలని, ఒక వర్గం మనోభావాలను రెచ్చగొట్టినంత మాత్రాన సరిపోదని బిలాల్ అహ్మద్ కలూ కేసులో 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. మన ప్రభుత్వాలు ఏ రంగువైనా, నాయకుడి పరువును వర్గాల మధ్య శాంతితో కలిపేసి చూడటానికి బాగా అలవాటుపడ్డాయి.

ఇక కేసుల ఉపసంహరణ. ప్రభుత్వం మారగానే తమవారిపై ఉన్న కేసులను ఎత్తివేసే జీవోలు చాలా రాష్ట్రాల్లో వచ్చేవి. 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ప్రజాప్రతినిధులపై ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని ఆదేశించాకే కొంత కట్టడి వచ్చింది. ప్రారంభంలో అనుమతి ఇవ్వకుండా ఆపడానికి మాత్రం అలాంటి అడ్డు ఇప్పటికీ లేదు.

జవాబు: ట్రంకురోడ్డు వ్యాపారి, నెల్లూరు

లాయరు గారు చెప్పిన అనుమతి సంగతి ఒప్పుకుంటాను. కానీ నేరమంతా ప్రభుత్వాల నెత్తిన వేసి, మనం చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు.

మాది బారాషహీద్ దర్గా ఉన్న ఊరు. మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునేవారిలో ఎవరు ఏ మతమో అడిగే అలవాటు ఎవరికీ లేదు. అలాంటి ఊళ్లోనే మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఒకరు ఒక నాయకుడి వీడియో పెట్టారు. ఒక మతంవారి దగ్గర సరుకు కొనవద్దని అందులో మాట. ఇది తప్పని ఒక పెద్దాయన రాశారు. నిమిషం తిరగకముందే అవతలి మతానికి చెందిన నాయకుడి పాత వీడియో వచ్చి పడింది, కింద "అప్పుడు మీరెక్కడున్నారు సార్" అన్న ప్రశ్నతో. ఆ తర్వాత రాత్రంతా ఆ పెద్దాయన అప్పట్లో ఎక్కడున్నారన్నదే చర్చ. మొదటి వీడియోను ఖండించినవారు లేరు, రెండోదాన్నీ ఖండించినవారు లేరు. ఇంత చేసి, ఆ గ్రూపులో సగం మంది సరుకు తెచ్చుకునేది ఆ మతంవారి హోల్‌సేల్ అంగళ్ల నుంచే.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, ద్వంద్వ ప్రమాణాలంటూ ఫిర్యాదు చేయడమే ఇప్పుడు విద్వేషానికి కొత్త గొడుగు అయింది. ఎదుటివాడికి శిక్ష పడలేదు కాబట్టి మావాడికీ పడకూడదని వాదించేవారు సమానత్వం కోరుతున్నట్టు కనిపిస్తారు, నిజానికి వారికి కావలసింది ఇద్దరికీ మినహాయింపు. ఇద్దరికీ శిక్ష అడిగేవాడిని నేను ఇంతవరకూ చూడలేదు.

పార్టీలు కూడా ఇదే పాఠం నేర్పాయి. 2022 ఆగస్టులో ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ఆయన పార్టీ బీజేపీ సస్పెండ్ చేసింది. 2023 అక్టోబరులో, ఎన్నికల ముందు, సస్పెన్షన్ ఎత్తివేసి గోషామహల్ టికెట్ ఇచ్చింది. ఆ మధ్యకాలంలో ఆయన మాటలు మారాయా, లేక ఎన్నికల తేదీ దగ్గరపడిందా అని అడిగితే కార్యకర్తలకు కోపం వస్తుంది. సనాతన ధర్మం గురించి 2023 సెప్టెంబరులో తమిళనాడు మంత్రి ఉదయనిధి స్టాలిన్ అన్న మాటలకు ఆయన పార్టీ డీఎంకే ఆయన్ని ఒక్కరోజైనా పక్కన పెట్టలేదు, ఆ తర్వాత ఏడాదికి ఉపముఖ్యమంత్రిని చేసింది. ఆయన మాటలు కులవ్యవస్థ మీద విమర్శే తప్ప మనుషుల మీద ద్వేషం కాదని ఆయన వాదన. కావచ్చు. అయితే "మీరు సామాన్యులు కారు, మంత్రి, మాటల పర్యవసానం మీకు తెలియాలి" అన్న అర్థం వచ్చేలా సుప్రీంకోర్టే ఆయన్ని మందలించింది. లాయరు గారు చెప్పిన పలుకుబడి సూత్రం ఇదేనేమో.

ఎన్నికల సంఘం మీద కూడా ఒక మాట. 2019 ఏప్రిల్ 15న యోగి ఆదిత్యనాథ్‌కు 72 గంటలు, మాయావతికి 48 గంటలు, ఆజం ఖాన్‌కు 72 గంటలు, మేనకా గాంధీకి 48 గంటలు ప్రచారం చేయకుండా నిషేధం పెట్టింది. పార్టీలు చూడకుండా పెట్టింది, దానికి నేను దండం పెడతాను. మరి 2024 ఏప్రిల్‌లో బాన్స్‌వాడాలో ప్రధానమంత్రి చేసిన ప్రసంగం మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు, మాట్లాడినవారికి కాకుండా పార్టీ అధ్యక్షుడు నడ్డా గారికి నోటీసు వెళ్లింది. అదే రోజు రాహుల్ గాంధీ మాటల మీద ఖర్గే గారికీ వెళ్లింది. తూకం సమానంగా కనిపించాలని ఇద్దరు అధ్యక్షులకు ఒకేసారి పంపినట్టు నాకు అనిపించింది. ఇది ఏ చట్టం ప్రకారం న్యాయమో లాయరు గారు చెబితే వింటాను.

జవాబు: ఒంగోలు న్యాయవాది

చట్టమంటూ ప్రత్యేకంగా లేదండి, ప్రచార తారల మాటలకు పార్టీయే ముందుగా బాధ్యత వహించాలన్నది సంఘం ఆ నోటీసుల్లో చెప్పిన కారణం. ప్రవర్తనా నియమావళికి చట్టబద్ధత లేదు కాబట్టి ఎవరికి పంపాలన్నది సంఘం విచక్షణే. ఎన్నికల్లో వర్గాల మధ్య ద్వేషం రేపడాన్ని అడ్డుకునే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3ఎ), 125 సెక్షన్లకు మాత్రం చట్టబలం ఉంది. వాటి వేగం ఎంతో తెలుసుకోవాలంటే బాల్ ఠాక్రే ఉదంతం చాలు: 1987లో విలేపార్లే ఉపఎన్నికలో చేసిన ప్రసంగాలకు ఆయన ఓటు హక్కు పోయింది 1999లో.

జవాబు: మార్కాపురం అధ్యాపకురాలు

మాస్టారు గారూ, పై జవాబులన్నీ చదివాను. వీటిలో మతం ఉంది, పార్టీ ఉంది. మన జిల్లాల రాజకీయ వేదికల మీద రోజూ వినిపించే విద్వేషంలో సగం ఆడవాళ్ల మీద, మిగిలిన దానిలో అధిక భాగం కులం మీద ఉంటుంది. దాని ఊసు ఇంతవరకూ రాలేదు.

196వ సెక్షన్ మతం, జాతి, భాష, ప్రాంతం, కులం ఆధారంగా ఏర్పడిన వర్గాల మధ్య శత్రుత్వాన్ని గురించి మాట్లాడుతుంది. ఆ జాబితాలో లింగాన్ని పేరుపెట్టి చెప్పలేదు. ప్రత్యర్థి భార్యను, కూతురిని వేదిక ఎక్కి అసహ్యంగా మాట్లాడినవాడు చట్టం దృష్టిలో మహా అయితే ఒక వ్యక్తిని అవమానించినవాడు అవుతాడు. 2014లో ప్రవాసీ భలాయీ సంఘటన్ కేసులో సుప్రీంకోర్టు సూచించిన మీదట లా కమిషన్ 2017 మార్చిలో తన 267వ నివేదిక ఇచ్చింది. 153సి, 505ఎ అనే కొత్త సెక్షన్లు చేర్చాలని, లింగం, లైంగికత, వైకల్యం ఆధారంగా జరిగే విద్వేష ప్రచారాన్నీ నేరంగా చూడాలని అందులో ఉంది. 2023లో మొత్తం శిక్షాస్మృతినే తిరగరాసినప్పుడు కూడా ఆ సిఫారసు పుస్తకంలోకి ఎక్కలేదు. పాత సెక్షన్లకు కొత్త నంబర్లు మాత్రం వచ్చాయి.

ఇక సభలో అన్న మాటలకు రాజ్యాంగంలోని 194వ అధికరణం రక్షణ ఉంది, వాటిమీద కోర్టుకు వెళ్లలేం. 2021 నవంబరు 19న తన భార్యను కించపరిచారంటూ చంద్రబాబు నాయుడు గారు శాసనసభ నుంచి వెళ్లిపోయి, తర్వాత విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు బాధపడినవారిలో నేనూ ఉన్నాను. అయితే ఆ రోజు ఆడవాళ్ల గౌరవం గురించి పేజీలకు పేజీలు రాసిన కొందరే, అవతలి పార్టీ ఇళ్లలోని ఆడవాళ్లపై వచ్చిన అసభ్యపు పోస్టులను నవ్వు బొమ్మలతో పంచారు. ఇటువారు అటు చేసినప్పుడూ అంతే. మా కాలేజీలో ఆడపిల్లలు రాజకీయ ఉపన్యాస పోటీలకు పేరు ఇవ్వడానికి వెనకాడుతుంటే, మైకు అంటే భయమని మగ సహోద్యోగులు అనుకుంటారు. పిల్లలు భయపడేది వీడియో కింద వచ్చే వ్యాఖ్యలకు.

కులం విషయంలో చట్టం కొంత గట్టిగానే ఉంది. ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషభావాన్ని ప్రచారం చేయడం అత్యాచార నిరోధక చట్టంలోని 3(1)(యు) కింద నేరం, అందుకు ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూడనవసరం లేదు. 1985 జూలైలో అప్పటి మన ప్రకాశం జిల్లాలోని కారంచేడులో జరిగిన దారుణం తర్వాతే దేశం ఇలాంటి చట్టం గురించి గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టింది. మతం పేరిట ద్వేషానికి అనుమతి కావాలి, కులం పేరిట దళితులపై ద్వేషానికి అక్కరలేదు, స్త్రీలపై ద్వేషానికి ప్రత్యేకంగా సెక్షనే లేదు. కాబట్టి చట్టంలో పక్షపాతం లేదన్న న్యాయవాది గారి మాటతో నేను ఏకీభవించలేను. పార్టీల పక్షపాతం లేకపోవచ్చు, ఎవరి బాధ నేరంగా లెక్కకొస్తుందన్న దాంట్లో మాత్రం ఉంది.

కావలి మాస్టారు

మేడమ్ చెప్పినది నేను ఆలోచించని కోణం. వ్యాపారి గారు అడిగిన "ఇద్దరికీ శిక్ష" అన్న మాట మా మిత్రుల ముందు పెట్టాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఆపైన ఒకరు "ముందు వాళ్లకు పడనివ్వండి" అన్నారు.

న్యాయవాది గారికి ఒక విన్నపం. ఫిర్యాదు తీసుకువెళ్లినవారికి స్టేషన్‌లోనే "పైనుంచి అనుమతి రావాలి" అని చెప్పి పంపేస్తున్నారని విన్నాను. అది సబబేనా? అలాగే ఈ అనుమతుల్లో ఎన్ని ఇచ్చారో, ఎన్ని తొక్కిపెట్టారో సమాచార హక్కు కింద అడగవచ్చా? అడిగితే ఎవరిని అడగాలి?

జవాబు: ఒంగోలు న్యాయవాది

మేడమ్ అభ్యంతరం న్యాయమైనదే, నేను పార్టీల వరకే చూసి రాశాను.

మాస్టారూ, అనుమతి కావలసింది కోర్టు కేసును స్వీకరించడానికి. పోలీసులు తామే చేసే ఎఫ్‌ఐఆర్ నమోదుకూ దర్యాప్తుకూ అక్కరలేదు. పైగా 2022 అక్టోబరు 21న షహీన్ అబ్దుల్లా కేసులో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులకు, 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఫిర్యాదు రాకపోయినా, మాట్లాడినవారి మతం ఏదైనా, పోలీసులు తమంతట తాము కేసు పెట్టాలని, వెనకాడితే కోర్టు ధిక్కారమని. అదే సమయంలో 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే మాటల నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయడం మంచిదని, ప్రతి మాటకూ ఉలిక్కిపడే బలహీన మనస్కుల కొలతతో కాకుండా నిబ్బరం గల మనుషుల కొలతతో చూడాలని కూడా చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు.

సమాచారం కోసం రెండు దరఖాస్తులు పెట్టండి. నమోదైన కేసుల సంఖ్య కోసం నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎస్పీ కార్యాలయాల పౌర సమాచార అధికారులకు, అనుమతుల కోసం వెలగపూడి సచివాలయంలోని హోం శాఖకు. పేర్లు అడగవద్దు. దర్యాప్తుకు ఆటంకమంటూ 8(1)(హెచ్) కింద తిరస్కరించడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. అనుమతి కోరుతూ ఫైలు వచ్చిన తేదీ, ఇచ్చిన లేదా తిరస్కరించిన తేదీ, ఇంకా పెండింగులో ఉన్నవెన్ని, ఇవి చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలోని అప్పిలేటు అధికారికి మొదటి అప్పీలు వేయండి. 2024 జూన్‌కు ముందు, ఆ తర్వాత అని విడివిడిగా అడిగితే రెండు ప్రభుత్వాల లెక్కా ఒకే కాగితం మీదికి వస్తుంది. కొత్త 196, 299, 353 సెక్షన్లతో పాటు పాత 153ఎ, 295ఎ, 505 కూడా తప్పకుండా రాయండి, లేకపోతే 2024 జూలైకి ముందు కేసులే లేవని జవాబు పంపి చేతులు దులుపుకుంటారు.